అడవిలో జంతువు ఎదురుపడితే ఏం చేయాలి? నల్లమలలో తిరిగినవాడి సమాధానం

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. ఏప్రిల్‌లో ఇద్దరు పిల్లలతో నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతరకు వెళ్తున్నారు, దారిలో ఎలుగుబంటో చిరుతపులో ఎదురైతే ఏం చేయాలన్నది ఒకటి. నాకు అలా దగ్గరగా ఎదురైన సందర్భాలు చెప్పమన్నది రెండోది. పెప్పర్ స్ప్రే, టపాకాయలు వెంట ఉంచుకోవాలా అన్నది మూడోది. ఆ మూడోదానికి చివర్లో వస్తాను. మొదటి రెండూ చదివేసరికి దాని జవాబు సగం మీకే తెలిసిపోతుంది.

నేను చాలా ఏళ్లు నల్లమలలో జంతువుల లెక్కింపు పనుల మీద తిరిగాను. పెద్దపులుల లెక్క దేశమంతటా నాలుగేళ్లకోసారి జరుగుతుంది. దానికోసం చెట్లకు కెమెరాలు కట్టడం, ముందే గీసుకున్న రెండు కిలోమీటర్ల గీత వెంట తెల్లారగానే నడుస్తూ కనిపించిన జంతువునల్లా రాసుకోవడం, ఇసుకలో అడుగులు, దారిలో పెంటికలు చూసుకుంటూ వాగుల వెంట పోవడం మా పని. వెంట ఎప్పుడూ అడవి కాపలా పని చేసే చెంచు వాచర్లు ఉండేవాళ్లు. ఇక్కడ రాయబోయేవాటిలో పనికొచ్చేవి చాలావరకు వాళ్ల దగ్గర నేర్చుకున్నవే.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. కనిపించిన జంతువుతో ప్రమాదం తక్కువ. మీరు దాన్ని చూడక, అది మిమ్మల్ని చూడక, ఏ మలుపులోనో ఒక్కసారిగా ఎదురుపడ్డారనుకోండి, గొడవంతా అప్పుడే. మనిషిని చూసిన జంతువు మొదట వెతుక్కునేది తప్పించుకునే దారి. మనం వస్తున్న సంగతి దానికి ముందుగా తెలిసిందా, పోవడానికి దారి మిగిలిందా అన్నదాని మీదే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. పాములు, తేనెటీగల లెక్క వేరు, అది తర్వాత.

నల్లమలలో దేనికి భయపడతావని ఎవరైనా అడిగితే నేను పెద్దపులి పేరు చెప్పను. ఎలుగుబంటి పేరు చెప్తాను. మన దగ్గర ఉండేది గుడ్డెలుగు. దానికి చూపు అంతంతమాత్రం, వినికిడి కూడా గొప్పదేం కాదు. ముక్కు మాత్రం అమోఘం. దానికి ఇష్టమైన తిండి చెదలు. పుట్టను గోళ్లతో తవ్వి, మూతి లోపల పెట్టి, మట్టిని ఉఫ్ఫుమని ఊదేసి, ఆ వెంటనే చెదల్ని గాలితో సహా లోపలికి పీల్చేస్తుంది. పై దవడలో ముందు పళ్లు రెండు ఉండవు, ఆ సందు పీల్చడానికి పనికొస్తుంది. ముక్కులోకి మట్టి పోకుండా రంధ్రాలు మూసుకోగలదు కూడా. ఆ పనిలో ఉన్నప్పుడు అది చేసే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ చప్పుడులో పడి మన అడుగులు దానికి వినపడవు. గాలి అటునుంచి ఇటు వీస్తుంటే వాసన కూడా అందదు. ఇక మీరు పక్కకు వచ్చేదాకా దానికి తెలియదు, తెలిశాక పారిపోయే టైం ఉండదు, అందుకే మీద పడుతుంది. అది కోపంతో చేసే పని కాదు, కంగారుతో చేసే పని. గాయం మాత్రం ఎలా జరిగినా గాయమే. ఎలుగు దాడిలో దెబ్బలు ఎక్కువగా తలకు, ముఖానికి తగులుతాయి.

ఒక ఎండాకాలం పొద్దున మద్దిమడుగు వైపు ఎండిన వాగులో నడుస్తున్నాం. మలుపు తిరగబోతుంటే ముందున్న వాచర్ చెయ్యి వెనక్కి చాపి వేళ్లు విప్పాడు. వయసులో నాకంటే చాలా పెద్దవాడు, ఆ వాగులన్నీ ఆయనకు ఇంటి వాకిలి. ముందు నాకేమీ వినపడలేదు. ఆగి చెవి పెడితే అప్పుడు తెలిసింది: ఉఫ్, ఉఫ్ అని రెండు ఊపిర్లు, వెంటనే ఒక పొడుగాటి పీల్పు, కాస్త ఆగి మళ్లీ అదే. పెద్దాయన వంగి చిటికెడు మట్టి తీసి గాల్లో వదిలాడు. అది మా కాళ్ల మీదికే వచ్చింది. ఒడ్డున పుట్ట పక్కన దుమ్ము పట్టిన నల్లటి వీపు కనిపిస్తోంది. తల కనిపించడం లేదు, పుట్టలో ఉంది. వీపు మీద పిల్ల, జూలులో సగం మునిగి ఉంది. మాకూ దానికీ మధ్య పాతిక ముప్పై అడుగులుంటే ఎక్కువ.

చప్పుడు చేయకుండా వెనక్కి జారుకుందామని నాకు అనిపించింది. పెద్దాయన ఆలోచన వేరు. మమ్మల్ని మెల్లగా నడిపించి ఇంకో ఇరవై అడుగులు వెనక్కి తెచ్చి, వాగు నడుమ పొదలు లేనిచోట బాగా కనిపించేలా నిలబెట్టి, అప్పుడు గొంతు సవరించుకున్నాడు. ఎవరింటికైనా వెళ్లి వాకిట్లో నిలబడి లోపలివాళ్లకు తెలియాలని దగ్గుతాం చూడండి, సరిగ్గా అంత. అరుపు లేదు, చప్పట్లు లేవు.

ఎలుగు తల బయటికి తీసింది. మూతి నిండా ఎర్రమట్టి. రెండు కాళ్ల మీద లేచింది. చూసేవాళ్లకు అది దాడికి ముందు వేషంలా ఉంటుంది గానీ, ఎలుగు లేచి నిలబడేది వాసన కోసం. ముక్కు ఎత్తి అటూ ఇటూ తిప్పింది, ఒక్క హుంకారం చేసింది, నాలుగు కాళ్ల మీద పడి ఒడ్డెక్కి చెట్లలోకి పోయింది. వీపు మీది పిల్ల అలాగే కరుచుకుని ఉంది. హమ్మయ్య అని నేను కదలబోతే పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"కదలకు సారూ. ఇంకోటి ఉన్నది."

రెండో పిల్ల మా వైపు ఒడ్డున పరికి పొద కింద ఉంది. తల్లి ఆ పక్క, పిల్ల ఈ పక్క, నడుమ మేము. "ఇప్పుడు మనం ఎటు జరిగినా పిల్ల దిక్కు పోతున్నమనుకుంటది" అన్నాడు గొంతు తగ్గించి. చేతులు కిందికి వదిలేసి నిలబడ్డాం. పైనుంచి తల్లి గుర్రుమంటూ పిలుస్తోంది. పిల్ల పొదలోంచి బయటికొచ్చి, ఆగి, మళ్లీ పొదలోకి వెళ్లి, చివరికి తెగించి వాగు అడ్డంగా దాటి తల్లి దగ్గరికి పరుగెత్తింది. దాని కాళ్ల కింద గులకరాళ్లు దొర్లిన చప్పుడు స్పష్టంగా వినిపించేంత దగ్గర. ఆ తర్వాత కూడా పెద్దాయన చాలాసేపు కదలనివ్వలేదు.

చప్పుడు లేకుండా వెనక్కి పోయుంటే సరిపోయేది కదా, ఎందుకు దగ్గావని తర్వాత అడిగాను. "మనం పోతం సారూ. ఎనక వచ్చేటోళ్ల సంగతి?" అన్నాడు. నిజమే, కెమెరా సంచులతో మా వాళ్లు ఇద్దరు అదే వాగులో వెనకాల వస్తున్నారు. వాళ్లు మాటల్లో పడి నేరుగా ఆ పుట్ట దగ్గరికే వచ్చేవాళ్లు.

మీ ప్రయాణానికి ఇది ఎందుకు ముఖ్యమంటే, గుడ్డెలుగు సాధారణంగా చలికాలంలో ఈనుతుంది. ఎండలు ముదిరేనాటికి పిల్లల్ని వీపున ఎక్కించుకుని తిరుగుతుంటుంది. పిల్లలు ఉన్న తల్లికి కంగారు ఎక్కువ. సరిగ్గా అప్పుడే ఇప్పపూలు రాలతాయి, తునికి పళ్లు, మొర్రి పళ్లు పండుతాయి. అవి ఎలుగుకూ కావాలి, మనిషికీ కావాలి. తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద వంగి పూలు ఏరుకుంటున్నవాళ్లకు, తునికాకు కోయడానికి చీకట్లోనే బయల్దేరినవాళ్లకు ఎలుగు ఎదురవడం ఈ కాలంలోనే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో అయితే పెద్ద అడవి కూడా అక్కర్లేదు, జీడితోటల్లోనే ఎలుగులు తిరుగుతాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు వరసగా జనం మీద పడిన సంగతి పేపర్లలో చదివే ఉంటారు.

కాబట్టి ఎలుగు ఉండే చోట గుంపుగా నడవండి, మాట్లాడుకుంటూ నడవండి. మలుపు దగ్గర, గుబురు పొదల దగ్గర, రాతి గుహల దగ్గర గొంతు కాస్త పెంచండి. దూరంగా కనిపిస్తే అక్కడే ఆగి, దాని వైపే ముఖం ఉంచి, మెల్లగా వెనక్కి జరగండి. అరవకండి, పరుగెత్తకండి, ఆ బొద్దు శరీరం చూసి మోసపోవద్దు, మనిషికంటే వేగంగా ఉరుకుతుంది. చెట్టెక్కినా లాభం లేదు. చిన్నప్పుడు చదువుకున్న ఇద్దరు స్నేహితుల కథలో చెట్టెక్కినవాడు బతికిపోయాడు గానీ, గుడ్డెలుగు తేనె కోసం చెట్లెక్కడంలో దిట్ట. కింద పడుకున్నవాడి ఉపాయంలో మాత్రం కొంత నిజముంది. మీద పడిపోయింది, ఇక తప్పదు అనుకుంటే బోర్లా పడుకుని, ముఖం నేలకు ఆనించి, రెండు చేతుల వేళ్లూ మెడ వెనక గట్టిగా పెనవేసుకోవాలి. వీపు సంచి ఉంటే తీయొద్దు, దెబ్బలు అది కాస్తుంది. కథలోలాగా వెల్లకిలా మాత్రం పడుకోకండి, పోయేది ముఖమే. అది వెళ్లిపోయిందని తెలిసేదాకా లేవొద్దు.

ఇక చిరుతపులి. నేను చిరుతను కళ్లారా చూసిన సందర్భాలకంటే అది నన్ను చూసిన సందర్భాలు చాలా ఎక్కువ. ఊరికే అనడం లేదు. పెద్దపులి చారలు ఒక పక్కవి ఒకలా, ఇంకో పక్కవి ఇంకోలా ఉంటాయి కాబట్టి దారికి అటూ ఇటూ జతగా, మోకాలి ఎత్తులో కెమెరాలు కడతాం. వారాల తర్వాత కార్డు తెచ్చి చూస్తే, మేం కెమెరా కట్టి వెళ్లిపోతున్న ఫొటో, ఆ తర్వాతి ఫొటోలో చిరుత. టైం చూస్తే మధ్యలో తేడా కొద్ది నిమిషాలే. అది పక్కన ఎక్కడో కూర్చుని మా తతంగమంతా చూసి, మేం పోయాక తన దారిన తాను వచ్చింది. మా సంచులు పెట్టిన చోట ఆగి వాసన చూసిన ఫొటో కూడా ఒకటి ఉండేది. మొదటిసారి చూసినప్పుడు వెన్ను జలదరించింది. తర్వాత తర్వాత అదే నాకు ధైర్యమిచ్చింది. తలచుకుంటే అన్నిసార్లూ మీద పడగలిగినది ఒక్కసారీ పడలేదు.

మరి తిరుమల సంగతేమిటని అడుగుతారు. 2023 జూన్‌లో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్న బాబును నోట కరుచుకుపోయింది, ఆ బాబు బతికాడు. అదే ఏడాది ఆగస్టులో ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. రెండుసార్లూ చీకటి పడ్డాకే, రెండుసార్లూ పిల్లలే. చిరుత ఎత్తును చూస్తుంది. నిటారుగా నడిచే పెద్ద మనిషి దానికి తిండిలా కనిపించడు. చిన్నపిల్లలు, వంగి కూర్చున్నవాళ్లు దాని కంటికి వేరే లెక్క. ఆ తర్వాత దేవస్థానం పిల్లల్ని మధ్యాహ్నం 2 గంటల తర్వాత నడకదారిలో అనుమతించకపోవడం, నడిచేవాళ్ల చేతికి కర్రలివ్వడం మొదలుపెట్టింది. కర్రల మీద అప్పట్లో జోకులు చాలా వచ్చాయి. నా దృష్టిలో అది తెలివైన పనే. కర్రతో చిరుతను కొట్టమని కాదు. కర్ర పట్టుకున్న మనిషి నిటారుగా నడుస్తాడు, మెట్టు మెట్టుకూ టక్ టక్ చప్పుడవుతుంది, గుంపుగా ఉంటాడు. చిరుత తప్పుకోవడానికి అది చాలు.

మీ పిల్లల విషయంలో చెప్పేది ఒక్కటే. ముందు ఒక పెద్దవారు, వెనక ఒక పెద్దవారు, మధ్యలో పిల్లలు. పరుగులు, దాగుడుమూతలు అడవిలో వద్దు. పొద్దు గూకకముందే అడవి దాటాలి. మూత్రానికి కూర్చోవాల్సి వచ్చినా పక్కన ఒకరు నిలబడి ఉండాలి. చిరుత కనిపిస్తే పిల్లల్ని వెంటనే ఎత్తుకోండి, అయితే వాళ్లను ఎత్తుకోవడానికి వంగినప్పుడు కూడా దాని మీద నుంచి చూపు తీయకండి. చేతులు పైకెత్తి గట్టిగా అరవండి. వీపు చూపించకండి. ఎలుగు ముందు అరవొద్దన్నావు, ఇక్కడ అరవమంటున్నావేమిటని అడగొచ్చు. దగ్గరగా ఉన్న ఎలుగు అరుపుకు ఇంకా బెదురుతుంది, మిమ్మల్ని దొంగచాటుగా చూస్తున్న చిరుత తన గుట్టు తెలిసిపోయిందని వెనక్కి తగ్గుతుంది. ఒకవేళ మీద పడితే మాత్రం ఎలుగు ముందు పడుకున్నట్టు పడుకోవద్దు. చేతికందినదానితో కొట్టాలి, తిరగబడాలి.

జనం గుమిగూడితే చిరుత ఎలా మారిపోతుందో చూడాలంటే 2020 మే నెలలో హైదరాబాద్ కాటేదాన్ దగ్గర రోడ్డు మీదికొచ్చిన చిరుత వీడియో వెతకండి. లాక్‌డౌన్ రోజులు. కాసేపు రోడ్డు పక్కన కదలకుండా పడుకుంది. తర్వాత దారి దొరక్క పరుగులు పెట్టింది, లారీ ఎక్కుతున్న మనిషి కాలు పట్టుకుంది, కుక్కలు చుట్టుముట్టాయి. దానికి ఆ చుట్టుపక్కల పొదల్లోకి ఒక ఖాళీ దారి దొరికి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

పెద్దపులి గురించి అందరూ మొదట అడుగుతారు, చెప్పడానికి ఉన్నది మాత్రం కొంచెమే. నల్లమల పులికి మనిషంటే గిట్టదు, ఎదురవడమే అదృష్టం. నాకు ఒకసారి ఫరహాబాద్ దారిలో కొండముచ్చుల దగ్గుతోనే దాని రాక తెలిసింది. పై కొమ్మన కూర్చున్న కొండముచ్చు కిందికి ఒకే దిక్కు చూస్తూ ఖక్ ఖక్ మని దగ్గుతుంటే, దుప్పులు కాళ్లు నేలకు తాటిస్తూ కూస్తుంటే, ఆ దిక్కు నుంచి మీరు తప్పుకోండి. ఆరోజు నాకు కనిపించింది గడ్డిలో తోక చివర మాత్రమే. ఆసిఫాబాద్ వైపు పరిస్థితి వేరు. మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి వచ్చే పులులకూ పత్తి చేలకూ మధ్య అడవి పలచబడింది. 2020 నవంబరులో ఇద్దరు, 2024 నవంబరులో పత్తి ఏరుతున్న ఒక యువతి పులి దాడిలో చనిపోయారు. పత్తి ఏరే మనిషి వంగి ఉంటాడు, వెనక నుంచి చూస్తే మనిషిలా కనిపించడు. పులి వెనక నుంచి మీద పడుతుంది కాబట్టే సుందర్‌బన్స్‌లో 1980లలోనే తల వెనక మనిషి ముఖం మాస్కు కట్టుకోవడం మొదలుపెట్టారు.

ఏనుగు దగ్గర మాత్రం పైన చెప్పినవేవీ పనికిరావు. నల్లమలలో దాని బెడద లేదు కాబట్టి మీకు అవసరం పడకపోవచ్చు, కానీ మీలో కొందరు తలకోన, పలమనేరు, కుప్పం వైపు కూడా తిరుగుతారు కదా. చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం ఉన్నదే ఏనుగుల కోసం. 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి వచ్చినవి అక్కడ స్థిరపడ్డాయి. ఏనుగు ఎదుట నిలబడి ధైర్యం చూపించడం తెలివితక్కువతనం. చెవులు విప్పి, తల ఎత్తి, దుమ్ము లేపుతూ నాలుగడుగులు వచ్చి ఆగితే అది బెదిరింపు, వెంటనే వెనక్కి తగ్గండి. చెవులు వెనక్కి అణిచి, తొండం లోపలికి చుట్టుకుని వస్తే అది బెదిరింపు కాదు. అప్పుడు సంచో కండువానో దాని దారిలో పారేసి, పెద్ద బండల వెనక్కో పెద్ద చెట్ల మధ్యకో పరుగెత్తడమే. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి అడవిదారిన కాలినడకన వెళ్తున్న భక్తుల మీద గుండాలకోన దగ్గర ఏనుగుల గుంపు పడి ముగ్గురు చనిపోయారు. ఏనుగులున్న అడవిలో రాత్రి నడక వద్దే వద్దు. అంత పెద్ద శరీరం చీకట్లో పది గజాల్లో ఉన్నా కనిపించదు, వినిపించదు.

ఇప్పుడు సలేశ్వరంలో నేను నిజంగా టెన్షన్ పడేవాటి గురించి. మొదటిది తేనెటీగలు. లోయ అంచుల్లో, రాతి చరియలకు కొండతేనె పట్లు వేలాడుతుంటాయి. అగరొత్తుల పొగ, సిగరెట్ పొగ, ఘాటు సెంటు, ఎవరో విసిరిన రాయి, ఈమధ్య డ్రోన్లు. వీటిలో ఏదైనా చాలు పట్టు కదలడానికి. ఒక ఈగ కుడితే ఆ చోట వదిలే వాసన మిగతావాటిని అక్కడికే పిలుస్తుంది. ఇక్కడ నిలబడకూడదు, పడుకోకూడదు, చేతులు ఊపుతూ కొట్టకూడదు. చున్నీతోనో టవల్‌తోనో తల, ముఖం కప్పుకుని ఒకే దిక్కుగా దూరంగా పరుగెత్తాలి. నీళ్లలో దూకితే అవి పైన కాచుకుని ఉంటాయి. దూరం వెళ్లాక ముళ్లను గోటితో గీకి తీసేయండి, ఎంత త్వరగా తీస్తే విషం అంత తక్కువ ఎక్కుతుంది. ఊపిరి ఆడకపోయినా, పెదవులు, నాలుక వాచినా క్షణం ఆలస్యం చేయకుండా వైద్య శిబిరానికి.

రెండోది పాము. మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్క. పులి, చిరుత, ఏనుగు, ఎలుగు అన్నీ కలిపినా దాని దరిదాపుల్లోకి రావు. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకండి, మొద్దు దాటేటప్పుడు అవతల ఏముందో చూసి కాలు పెట్టండి. రక్తపింజరి బుస కొట్టి హెచ్చరిస్తుంది గానీ కదలదు, ఎండుటాకుల్లో కలిసిపోయి ఉంటుంది. కట్లపాము అయితే నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది, కాటు నొప్పి కూడా తెలియకపోవచ్చు. జాతరలో చాలామంది నేల మీదే టవల్ పరుచుకుని నిద్రపోతారు, ఆ పని మీరు చేయకండి. కాటు వేస్తే కోయడం, కట్టు బిగించడం, పసర్లు వద్దు. కాలు కదపనివ్వకుండా, మోసుకునైనా సరే, యాంటీవెనమ్ ఉన్న ఆసుపత్రికి చేర్చాలి. పామును పట్టుకోవడానికి వెనక పడకండి.

మూడోది కోతి. నవ్వకండి. శ్రీశైలం రోడ్డు మీద కార్లు ఆపి అరటిపళ్లు, చిప్స్ ప్యాకెట్లు విసిరే అలవాటు వల్ల అవి మనిషి చేతిని తిండిపెట్టెగా చూస్తాయి. పిల్లల చేతిలో కవరుంటే లాక్కుంటాయి, లాక్కోనివ్వకపోతే కరుస్తాయి. గీరినా సరే, పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదేరోజు రేబిస్ టీకా వేయించాలి. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ అనే రేబిస్ ఇంజెక్షన్ కూడా అడగండి. అన్నట్టు మన్ననూరు నుంచి దోమలపెంట దాకా ఆ రోడ్డు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, టైం దానికి తగ్గట్టు చూసుకోండి.

పెంపుడు కుక్కను తీసుకెళ్తారా అని మీరు అడగలేదు గానీ, తీసుకెళ్లేవాళ్లున్నారు. అది చిరుతకు ఇష్టమైన ఆహారం. ఎలుగును కెలికి, అది వెంటపడితే తిన్నగా మీ కాళ్ల మధ్యకే పరుగెత్తుకొస్తుంది. ఇంట్లో వదిలేయండి.

జాతర దారి విషయానికొస్తే ఎలుగు భయం మీకు దాదాపు అక్కర్లేదు. ఏటా చైత్ర పౌర్ణమికి కొద్ది రోజులే దారి తెరుస్తారు, ఆ రోజుల్లో జనం ఆగకుండా నడుస్తుంటారు. పోయేటప్పుడు "వస్తున్నం లింగమయ్యో", వచ్చేటప్పుడు "పోతున్నం లింగమయ్యో" అని అడవంతా మోగేలా కేకలేస్తారు. భక్తి సంగతి ఎలా ఉన్నా, ఎలుగుకు అంతకంటే మంచి కబురు ఉండదు. పిల్లల చేత కూడా గొంతు విప్పి అనిపించండి. ఒకటే జాగ్రత్త, రద్దీ తప్పించుకుందామని పక్క బాటల్లోకి, అడ్డదారుల్లోకి దిగొద్దు. కేకలు వినపడని చోటికి జరిగిన ఎలుగు ఉండేది అక్కడే. లోయలోకి దిగే చోట దారి ఇరుకు, ఎండ, ఉక్క. జంతువులకంటే ఆ తోపులాటలో, దాహంతో పడిపోయేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు. తెల్లారగానే దిగి ఎండ ముదరకముందే పైకి రండి.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. టపాకాయలు వద్దు. ఏప్రిల్‌లో నల్లమల నేలంతా ఎండుటాకులు, ఒక్క నిప్పురవ్వ చాలు. అభయారణ్యంలో నిప్పు పెట్టడం, పేలుడు సామాను వాడటం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, చెక్‌పోస్టులో పట్టుకుంటారు కూడా. అదీకాక పేలుడుకు బెదిరిన జంతువు ఎటు పరుగెడుతుందో మీ చేతిలో ఉండదు, మీ వెనక నడిచే కుటుంబం మీదికే పోవచ్చు. పెప్పర్ స్ప్రే వల్ల కూడా ఉపయోగం లేదు. అమెరికాలో ఎలుగుల కోసం వాడేది పెద్ద డబ్బా, చాలా మీటర్లు చిమ్ముతుంది. మన దగ్గర హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకునే చిన్న సీసా దానికి సాటి రాదు, లోయ గాలికి తిరిగి మీ పిల్లల కళ్లలోనే పడుతుంది.

వాటి బదులు ఇద్దరు పిల్లల మెడలోనూ ఒక్కో విజిల్ వేయండి. విడిపోతే ఉన్నచోటే నిలబడి మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడుసార్లు ఊదమని ఇంట్లోనే నేర్పించండి. తలకు కట్టుకునే టార్చి ఒకటి, సబ్బు ముక్క, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, తల కప్పుకోవడానికి పెద్ద టవల్, మీ ఎత్తుకు సరిపోయే కర్ర. దారిలో చెంచు వాచర్ ఎవరైనా ఆగమని చెయ్యి చూపిస్తే కారణం తర్వాత అడగండి, ముందు ఆగండి.